పాత డాస్ పీసీకి ఇంటర్నెట్: ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి, ఏ వరుసలో ఎక్కించాలి

"నాన్నగారు కొన్న పాత 386 పీసీని అటక మీద నుంచి దించాం. ఆన్ అవుతోంది. దీనికి నెట్ రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం తేలికే కానీ, ఆ పేరు పట్టుకుని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది కార్డు దగ్గరో డ్రైవర్ దగ్గరో ఆగిపోతున్నారు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక నిజానికి చివర్లో వచ్చే పని. మీరు చేయదలచుకున్నదేమిటి, ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, నెట్‌వర్క్ కార్డు ఏది అన్నవి ముందు తేలాలి. అవి తేలాక ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే కింది అంచెలను ఇదే వరుసలో చేయండి.

1. ముందు పనేమిటో తేల్చుకోండి

కింది వాటిలో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటి కాగితం మీద రాసుకోండి.

- లాప్‌టాప్ నుంచి పాత పీసీకి, అటునుంచి ఇటుకి ఫైళ్ళు పంపుకోవడం
- టెల్‌నెట్‌తో (దూరపు కంప్యూటర్‌లోకి అక్షరాలతో వెళ్ళే పద్ధతి) బీబీఎస్‌లు (పాతకాలపు మెసేజ్ బోర్డులు) చూడటం, ఐఆర్‌సీ అనే చాట్‌లో మాట్లాడటం
- వెబ్ పేజీలు చదవడం
- విండోస్ 3.11లో గానీ 95లో గానీ ఫోల్డర్ షేరింగ్

చాలామందికి వెబ్ మీద మనసుంటుంది గానీ, రోజూ పనికొచ్చేది మొదటిదే. ఫ్లాపీలు బూజు పట్టి చదవలేని స్థితికి వచ్చాయి, దొరికేవీ తక్కువే. నెట్‌వర్క్ వస్తే ఆ బాధ పోతుంది. జీమెయిల్, యూట్యూబ్, యూపీఐ లాంటివి ఈ మెషీన్ల మీద నేరుగా నడవవు, వాటిని మనసులోంచి తీసేయండి.

2. మెషీన్ వివరాలు రాసుకోండి

కరెంటు పెట్టే ముందు మూత విప్పి మదర్‌బోర్డు చూడండి. 386, 486 బోర్డుల మీద చాలావాటికి చిన్న పీపా ఆకారంలో రీఛార్జబుల్ బ్యాటరీ అతికించి ఉంటుంది. అది కారితే చుట్టూ నీలం, ఆకుపచ్చ పొర కనిపిస్తుంది, పక్కనున్న ట్రాకులు తినేస్తుంది. మన దగ్గర ఉక్కపోతకి, తేమకి ఈ తుప్పు మరీ త్వరగా పాకుతుంది. కారినా కారకపోయినా దాన్ని తీయించేయండి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో తడిసిన మెషీన్ అయితే, పైకి ఆరినట్టు కనిపించినా స్విచ్ వేయొద్దు. ఎస్‌ఎంపీఎస్ లోపలా స్లాట్ల మధ్యా ఒండ్రు ఉండిపోతుంది. తెలిసిన టెక్నీషియన్ చేత శుభ్రం చేయించాకే ముందుకెళ్ళండి.

మెషీన్ లేచాక, డాస్ 6తోనూ విండోస్ 3.1తోనూ వచ్చే ఎంఎస్‌డీ అనే ప్రోగ్రామ్ నడపండి. కింది వివరాల్లో చాలావరకు అదే చూపిస్తుంది.

- ప్రాసెసర్: 8088, 286, 386, 486, పెంటియం
- మొత్తం మెమరీ, అందులో మొదటి 640 కేబీలో ఖాళీ ఎంత (మెమ్ కమాండ్ కూడా చెబుతుంది)
- స్లాట్లు: నల్లగా పొడవుగా ఉన్నది 16 బిట్ ఐసా, అలాగే ఉండి పొట్టిగా ఉన్నది 8 బిట్ ఐసా, తెల్లగా చిన్నగా ఉన్నది పీసీఐ
- సీరియల్ పోర్టు చిప్: 8250, 16450, 16550ల్లో ఏది
- సౌండ్ కార్డు ఉంటే దాని ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను నంబరు), అడ్రస్ (ప్రాసెసర్ ఆ కార్డుతో మాట్లాడే చోటు)
- ఫ్లాపీ డ్రైవ్ చదువుతోందా, రాస్తోందా

3. నెట్ ఏ దారిన వస్తుంది: కార్డా, సీరియల్ పోర్టా?

ఖాళీ స్లాటు ఉంటే నెట్‌వర్క్ కార్డే మేలు. ఐసా స్లాటుకి ఎన్‌ఈ2000 కంపాటిబుల్ కార్డు (ఆర్‌టీఎల్8019ఏఎస్ చిప్ ఉన్నది) లేదా 3కామ్ 3సీ509బీ వెతకండి. పీసీఐకి ఆర్‌టీఎల్8139 చిప్ ఉన్న కార్డు సరిపోతుంది. గవర్నర్‌పేటలో పాత సర్వీసు షాపులవాళ్ళని "అన్నా, పాత ల్యాన్ కార్డుల డబ్బా ఉందా?" అని అడిగి చూడండి. కొనే ముందు చిప్ మీద నంబరు చదవండి, పెట్టె మీద పేరు నమ్మొద్దు.

కార్డు వెనక ఇప్పటి ల్యాన్ కేబుల్ పట్టే ఆర్‌జే45 సాకెట్ ఉండాలి. గుండ్రటి బీఎన్‌సీ సాకెట్ ఒక్కటే ఉంటే వదిలేయండి. రెండూ ఉన్న కాంబో కార్డు తీసుకోవచ్చు, కానీ దాని సెట్టింగ్ ట్విస్టెడ్ పెయిర్ (అంటే ఆర్‌జే45 సాకెట్) మీద ఉండాలి.

పైన చెప్పిన ఐసా కార్డులు 10 ఎంబీపీఎస్ వేగంతోనే మాట్లాడతాయి. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్ల ల్యాన్ పోర్టులు ఎక్కువశాతం దీన్ని ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే మధ్యలో పాత 10/100 స్విచ్ ఒకటి పెట్టండి.

స్లాటు లేని మెషీన్‌కి, పాత లాప్‌టాప్‌కి సీరియల్ వైఫై మోడెమ్ దారి. ఈఎస్‌పీ8266 చిప్‌తో చేసే చిన్న బోర్డు ఇది. ఇక్కడ మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఆ చిప్ 3.3 వోల్టులది. పీసీ సీరియల్ పోర్టు వోల్టేజీ దానికన్నా చాలా ఎక్కువ, పైగా ప్లస్ మైనస్‌లు మారుతుంటుంది. మధ్యలో మ్యాక్స్3232 లాంటి లెవెల్ కన్వర్టర్ లేకుండా కలిపితే చిప్ కాలిపోతుంది. రెండోది, ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టుంటే కనెక్ట్ కాకపోవచ్చు, డబ్ల్యూపీఏ2తో ఒక గెస్ట్ నెట్‌వర్క్ తెరవండి. మూడోది, వేగం. 8250, 16450 చిప్‌లలో బఫర్ లేదు కాబట్టి 9600 దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. 16550 ఉంటే 115200 వరకు ప్రయత్నించవచ్చు.

ఈ దారిలో బీబీఎస్‌ల వరకే కావాలంటే మీకు నెట్‌వర్క్ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. టీసీపీ/ఐపీ పనంతా మోడెమ్‌లోనే జరుగుతుంది, పీసీలో టెలిక్స్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ చాలు. అంతకు మించి కావాలంటేనే కింది అంచెలు.

4. కార్డుకి అడ్రస్, ఐఆర్‌క్యూ ఇవ్వండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. తొందరపడకండి.

ఆర్‌టీఎల్8019ఏఎస్ కార్డు ప్లగ్ అండ్ ప్లే మోడ్‌లో వస్తే డాస్‌లో చాలాసార్లు కనపడదు. రియల్‌టెక్ సెటప్ ప్రోగ్రామ్ (ఆర్‌సెట్8019) నడిపి, మోడ్‌ని జంపర్‌లెస్‌కి మార్చి, అడ్రస్, ఐఆర్‌క్యూ మీరే ఇచ్చి సేవ్ చేయండి. 3సీ509బీకి 3కామ్ వాళ్ళ సెటప్ ప్రోగ్రామ్ వేరే ఉంది, అందులోనూ ప్లగ్ అండ్ ప్లే ఆపేయండి. తర్వాత పవర్ పూర్తిగా ఆపి మళ్ళీ వేయండి.

అడ్రస్ 300 (హెక్స్, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) పెట్టండి. ఎన్‌ఈ2000 కార్డు 32 అడ్రసులు తీసుకుంటుంది, అంటే 300 నుంచి 31ఎఫ్ వరకు. కొందరు 320 పెడతారు. అప్పుడది 33ఎఫ్ దాకా పోతుంది, సౌండ్ కార్డు మిడి పోర్టు ఉండే 330 ఆ మధ్యలోనే పడుతుంది. రెండూ కొట్టుకుంటాయి.

ఐఆర్‌క్యూకి ఈ లెక్క చూసుకోండి:

- 3: రెండో సీరియల్ పోర్టుది. ఆ పోర్టు బయాస్‌లో ఆపేస్తే వాడుకోవచ్చు
- 4: మొదటి సీరియల్ పోర్టు, మౌస్ ఉంటే ముట్టుకోవద్దు
- 5: సౌండ్ కార్డు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది
- 7: ప్రింటర్ పోర్టు
- 10, 11: సాధారణంగా ఖాళీ, కానీ 16 బిట్ స్లాటులోనే అందుతాయి

286 నుంచి పైకి అయితే 10 పెట్టండి. 8 బిట్ స్లాటు అయితే 3 లేదా 5లో ఖాళీ ఉన్నది. పెట్టిన అంకెలు ఒక చీటీ మీద రాసి కేసు లోపల అతికించండి, ఏడాది తర్వాత మీకే పనికొస్తుంది.

5. ప్యాకెట్ డ్రైవర్

డాస్‌లో నెట్‌వర్క్ ప్రోగ్రామ్ నేరుగా కార్డుతో మాట్లాడదు. మధ్యలో ప్యాకెట్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ మెమరీలో కూర్చుంటుంది. పాత కార్డులకి క్రిన్‌వర్ సేకరణలో డ్రైవర్లు ఉన్నాయి, 8139కి రియల్‌టెక్ ఇచ్చిన ఆర్‌టీఎస్‌పీకేటీ ఉంది.

ఎన్‌ఈ2000 డ్రైవర్‌కి పేరు తర్వాత మూడు అంకెలు ఇవ్వాలి, ఈ వరుసలోనే: సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ (ప్రోగ్రాములు డ్రైవర్‌ని పిలిచే నంబరు) 60, కార్డు ఐఆర్‌క్యూ, కార్డు అడ్రస్ 300. హెక్స్ అంకెల ముందు సున్నా, చిన్న ఎక్స్ అక్షరం తప్పనిసరి. లేకపోతే 300ని మామూలు మూడు వందలుగా తీసుకుని వేరే అడ్రస్‌లో వెతుకుతుంది. ఐఆర్‌క్యూ 10ని మాత్రం మామూలు అంకెగానే కొట్టండి. సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్‌గా 67 వాడొద్దు, అది ఎక్స్‌పాండెడ్ మెమరీది.

సరిగ్గా ఎక్కితే కార్డు ఈథర్నెట్ అడ్రస్ స్క్రీన్ మీద వస్తుంది: రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు. అన్నీ ఎఫ్‌లే వస్తే అక్కడ కార్డు దొరకలేదని అర్థం, నాలుగో అంచెకి వెనక్కి వెళ్ళండి. నిజమైన అడ్రస్ కనపడ్డాకే ఆరో అంచె.

6. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఎంటీసీపీ. డాస్ పీసీకి నేను మొదట చెప్పే పేరు ఇదే. మైకేల్ బ్రుట్‌మన్ రాసిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 8088 నుంచి పెంటియం దాకా దేనిమీదైనా నడుస్తుంది. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపుకునే పద్ధతి) క్లయింట్, ఎఫ్‌టీపీ సర్వర్, ఐఆర్‌సీ, పింగ్, టైమ్ సరిచేసే ప్రోగ్రామ్ అన్నీ అందులోనే ఉన్నాయి. దేనికది విడి ప్రోగ్రామ్ కాబట్టి, మీరు వాడనప్పుడు ప్యాకెట్ డ్రైవర్ తప్ప మెమరీలో ఏదీ ఉండదు. 640 కేబీ మెషీన్‌కి ఇది పెద్ద మేలు. ఏళ్ళ తరబడి సవరణలు అందుకుంటూ వచ్చింది, మాన్యువల్ కూడా చాలా ఓపిగ్గా రాసింది.

వాట్‌టీసీపీ, వాట్-32 అనే టీసీపీ/ఐపీ కోడ్ లైబ్రరీల ఆధారంగా చేసిన ప్రోగ్రాములు. ఇవి ఎంటీసీపీకి పోటీ కాదు, తోడు. 386 పైన నాలుగైదు ఎంబీలు మెమరీ ఉండి లింక్స్ లాంటి బ్రౌజర్ కావాలనుకుంటే వీటి జోలికి వెళ్ళండి. అదే ప్యాకెట్ డ్రైవర్ వాడుకుంటాయి. సెట్టింగ్స్ ఫైలు మాత్రం వేరు, ఎంటీసీపీ తెచ్చుకున్న ఐపీ అడ్రస్ వీటికి తెలియదు.

విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ 3.11. 386, 8 ఎంబీ దగ్గర నుంచి బాగుంటుంది. దీనికి మైక్రోసాఫ్ట్ టీసీపీ/ఐపీ-32 విడిగా వేసుకోవాలి. ఇది ప్యాకెట్ డ్రైవర్ కాకుండా ఎన్‌డీఐఎస్ అనే వేరే తరహా డ్రైవర్ అడుగుతుంది. ఒకే కార్డుని రెండూ పట్టుకోలేవు, కాబట్టి విండోస్‌కి వెళ్ళే బూట్‌లో ప్యాకెట్ డ్రైవర్ ఎక్కించకండి. డాస్ 6లో బూట్ మెనూ పెట్టుకుని రెంటినీ విడదీయడం మంచి పద్ధతి.

ట్రంపెట్ విన్‌సాక్. మామూలు విండోస్ 3.1 ఉండి, దాన్నే ఉంచుకోవాలనుకునేవాళ్ళకి. ప్యాకెట్ డ్రైవర్ మీద గానీ సీరియల్ పోర్టు మీద గానీ నడుస్తుంది. ఇది షేర్‌వేర్. వర్క్‌గ్రూప్స్ దొరికితే దీని అవసరం లేదు.

డాస్‌కి మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ 3.0. ఫోల్డర్ షేరింగ్ కోసం దీన్ని అడుగుతుంటారు. నేను వద్దంటాను. మెమరీ బాగా తింటుంది. పైగా అటువైపు ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతి కావాలి. ఇప్పటి విండోస్ దాన్ని భద్రత కోసం ఆపేసి ఉంచుతుంది, ఇంట్లో అందరూ వాడే లాప్‌టాప్‌లో దాన్ని తిరిగి తెరవడం మంచిది కాదు. ఫైళ్ళ పని ఎంటీసీపీ ఎఫ్‌టీపీతో అయిపోతుంది.

విండోస్ 95, 98. టీసీపీ/ఐపీ అందులోనే ఉంది, ఏమీ వెతకక్కర్లేదు. మొదటి 95లో మాత్రం కంట్రోల్ ప్యానెల్ నెట్‌వర్క్ విభాగంలో మీరే చేర్చాలి.

7. ఎంటీసీపీ ఎక్కించే వరుస

నెట్ లేని మెషీన్‌కి మొదటి ఫైళ్ళు ఎలా చేరాలి? యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టి 1.44 ఎంబీ ఫ్లాపీ మీదకి ఎక్కించడం తేలిక. హార్డ్ డిస్క్ బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకున్నవాళ్ళు దాన్నే తీసి కాపీ చేసుకోవచ్చు.

1. సీ డ్రైవ్‌లో ఎంటీసీపీ పేరుతో ఫోల్డర్ చేసి ప్రోగ్రాములన్నీ అందులో వేయండి.
2. డాస్‌లోని ఎడిట్ ప్రోగ్రామ్‌తో అక్కడే ఒక కాన్ఫిగ్ ఫైలు రాయండి. మొదటి లైను ప్యాకెట్‌ఇంట్ (ఐదో అంచెలో ఇచ్చిన 60), రెండోది హోస్ట్‌నేమ్, మూడోది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500. ఎంటీయూ ఇవ్వకపోతే 576తో నడుస్తుంది, పనిచేస్తుంది గానీ ఎఫ్‌టీపీ నెమ్మదిస్తుంది. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో.
3. ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని సెట్ కమాండ్‌తో ఆ ఫైలు వైపు చూపించండి. సమం గుర్తుకి ముందూ వెనకా ఖాళీ వదలొద్దు.
4. ప్యాకెట్ డ్రైవర్ ఎక్కించండి.
5. డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ నడపండి. రౌటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్, గేట్‌వే, నేమ్‌సర్వర్ అదే కాన్ఫిగ్ ఫైల్లో రాసుకుంటుంది.
6. పింగ్ మూడు మెట్లలో: ముందు రౌటర్ అడ్రస్, తర్వాత 8.8.8.8, ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరు. ఏ మెట్టు దగ్గర ఆగితే తప్పు అక్కడుంది.
7. టీజెడ్ వేరియబుల్‌లో ఐఎస్‌టీ పక్కన మైనస్ 5:30 పెట్టి, ఎస్‌ఎన్‌టీపీతో టైమ్ సరిచేయండి. మనం గ్రీనిచ్‌కి తూర్పున ఉన్నా ఇక్కడ మైనసే పెట్టాలి, ప్లస్ పెడితే పదకొండు గంటలు తేడా వస్తుంది.
8. ఇదంతా చేత్తో కొట్టి పనిచేసిందని చూశాకే ఆటోఎగ్జెక్ ఫైల్లో చేర్చండి.

8. వెబ్ సంగతి

నేటి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉన్నాయి. ఆ ఎన్‌క్రిప్షన్ లెక్కలు 386కి మోయలేని బరువు, పాత బ్రౌజర్లకి ఆ పద్ధతులే తెలియవు. కాబట్టి "బ్రౌజర్ పెట్టాను, సైటు తెరుచుకోవడం లేదు" అంటే తప్పు మీది కాదు.

దారులు రెండు. పాత మెషీన్ల కోసమే పేజీలను కుదించి మామూలు హెచ్‌టీటీపీలో ఇచ్చే ఫ్రాగ్‌ఫైండ్, 68కే న్యూస్ లాంటి సైట్లు వాడటం ఒకటి. ఇంట్లో లాప్‌టాప్ మీదో చిన్న లినక్స్ బోర్డు మీదో వెబ్‌వన్ అనే ప్రాక్సీ నడిపి, పాత పీసీ బ్రౌజర్‌లో దాని అడ్రస్ ఇవ్వడం రెండోది. ఎన్‌క్రిప్షన్ పని ప్రాక్సీ చూసుకుంటుంది.

బ్రౌజర్‌గా 8088, 286లకి మైక్రోవెబ్ పెట్టండి, 386 పైన లింక్స్. తెలుగు అక్షరాలు డాస్ బ్రౌజర్లలో రావు, చిన్న చిన్న గళ్ళో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. ఇంగ్లీషు పేజీలకే వాడుకోండి.

9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

డ్రైవర్ ఎక్కింది, డీహెచ్‌సీపీ మాత్రం ఎంతసేపటికీ జవాబు రావడం లేదు. కార్డు లైటు చూడండి. వెలగకపోతే కేబుల్, కాంబో సెట్టింగ్, లేదా రౌటర్ పోర్టు. వెలుగుతుంటే దాదాపు ఎప్పుడూ ఐఆర్‌క్యూయే. తప్పు ఐఆర్‌క్యూతో ప్యాకెట్లు బయటికి పోతాయి గానీ, వచ్చిన జవాబు సంగతి ప్రాసెసర్‌కి తెలియదు. కార్డులో సేవ్ చేసిన అంకె, డ్రైవర్‌కి ఇచ్చిన అంకె ఒకటేనా చూసుకోండి.

నిన్న పనిచేసింది, ఇవాళ లేదు. డీహెచ్‌సీపీ ఇచ్చిన అడ్రస్‌కి గడువు ఉంటుంది. మళ్ళీ నడపండి. మెషీన్‌లో గడియారం ఆగిపోయి ఉంటే గడువు లెక్క కూడా తప్పుతుంది.

ఎన్విరాన్‌మెంట్ స్పేస్ చాలలేదని మెసేజ్. కాన్ఫిగ్ సిస్ ఫైల్లో షెల్ లైనులో ఇంగ్లీషు E అక్షరం స్విచ్‌తో (/E) 512 ఇచ్చి రీబూట్ చేయండి.

ఈఎంఎం386 (640 కేబీ పైనున్న మెమరీని చూసుకునే డాస్ డ్రైవర్) ఉన్నప్పుడు మెషీన్ బిగుసుకుపోతోంది. ఆ లైను తీసి ఒకసారి చూడండి. బాగైతే, కార్డు వాడుకునే మెమరీ భాగాన్ని ఎక్స్‌క్లూడ్ చేసి తిరిగి పెట్టండి.

ఎఫ్‌టీపీలో వచ్చిన ప్రోగ్రామ్ నడవడం లేదు. టెక్స్ట్ మోడ్‌లో పంపితే ఫైలు చెడిపోతుంది. ముందు బిన్ కమాండ్ ఇచ్చి మళ్ళీ తెచ్చుకోండి. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ మూడు అక్షరాలు దాటకూడదు.

10. 8 బిట్ హోమ్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకి

కమడోర్ 64కి యూజర్ పోర్టు వైఫై మోడెమ్, సీసీజీఎంఎస్ టెర్మినల్ తేలికైన జోడీ. ఆ పోర్టు 5 వోల్టులది, పీసీ కోసం చేసిన మోడెమ్ నేరుగా తగిలించకూడదు. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి స్పెక్ట్రానెట్ అనే కార్డుంది, నెట్‌వర్క్ చిప్ దానిమీదే ఉంటుంది. స్కూళ్ళకి ఇచ్చిన బీబీసీ మైక్రోలు, వాటి భారతీయ రూపం ఎస్‌సీఎల్ యూనికార్న్ ఎవరిదగ్గరైనా ఉంటే సీరియల్ పోర్టు దారే మొదట ప్రయత్నించండి.

11. నెట్ వచ్చాక మొదట చేయాల్సినవి

- టెల్‌నెట్, ఎఫ్‌టీపీల్లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా పోతుంది. బ్యాంకుకి, మెయిల్‌కి వాడే పాస్‌వర్డ్ ఇక్కడ ఎప్పుడూ కొట్టొద్దు
- రౌటర్‌లో ఈ మెషీన్ కోసం పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి నేరుగా దీనికి దారి) పెట్టొద్దు
- ఉరుములు మొదలైతే పవర్‌తో పాటు ల్యాన్ కేబుల్ కూడా తీసేయండి. కార్డు పోతే అలాంటిది దొరకడం కష్టం
- ఎంటీసీపీలో ఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, లాప్‌టాప్‌లో ఫైల్‌జిల్లాతో ప్లెయిన్ ఎఫ్‌టీపీ పద్ధతిలో కలిసి, హార్డ్ డిస్క్ మొత్తం అటు కాపీ చేసుకోండి

ఈ చివరి పనిని ఆటలు దింపుకోవడం కన్నా ముందే చేయండి. అన్నేళ్ళు కదలకుండా ఉన్న డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. అందులోని ఉత్తరాలు, లెక్కలు, పిల్లలప్పటి ప్రోగ్రాములు మళ్ళీ ఎక్కడా దొరకవు. పెద్ద డిస్క్ అయితే ఒక్కో ఫోల్డర్ చొప్పున తీసుకోండి, మధ్యలో చదవలేని ఫైలు తగిలితే దాన్ని వదిలి తర్వాతి దానికి వెళ్ళండి, మిగిలినవన్నీ అయ్యాక దాని సంగతి చూడవచ్చు.